ఇరవై ఏడు డబ్బాల గోడ

ఆ ఇంట్లోవాళ్లు ఏదీ కొనరని వీధిలో అనుకుంటారు. అది నిజం కాదు. ఉప్పు కొంటారు, సబ్బు కొంటారు, కుట్టుమిషనుకు సూదులు కొంటారు. మిగిలినవన్నీ ఎక్కడో ఇంకొకటిగా పుట్టి, ఆ ఇంటికి చేరాక మరో జన్మ ఎత్తినవే.

ఇంటాయన బోర్డులు రాస్తాడు. అందరూ బోర్డు మాస్టారు అంటారు. మూతపడ్డ షాపుల నుంచి దించిన బోర్డులు, రాసిన తర్వాత యజమాని మనసు మార్చుకున్న బోర్డులు ఆయన సైకిలు వెనక కూర్చుని ఇంటికి వచ్చేస్తాయి. భోజనాల బల్ల ఒకప్పుడు రక్తపరీక్షలు చేసే చోట గోడకు వేలాడింది. పళ్లెం పక్కకు జరిపితే కింద 'ఖాళీ కడుపుతో రావలెను' అని కనిపిస్తుంది. ముందుగదిలో బెంచీ మీద 'ఇక్కడ కూర్చోరాదు' అని ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు అది చదివి నిలబడిపోతే, ఒకటికి రెండుసార్లు కూర్చోమని చెప్పాల్సి వస్తుంది. స్నానాలగది తలుపు మీద 'దయచేసి వేచి ఉండండి' అని ఉంది. దాని విషయంలో మాత్రం ఎవరికీ ఫిర్యాదు లేదు.

గోడకున్న అద్దానికి చట్రం ఒక పెద్ద చెక్క సున్నా. ఒక లారీ ఆఫీసు ఫోను నంబరులో సున్నా ఒకటి ఎక్కువ పడితే ఊడదీసి తెచ్చాడు.

"రోజూ నా మొహం సున్నాలో చూసుకోవాలి," అంటుంది భార్య.

"నువ్వు చూసుకుంటున్నంతసేపూ అది సున్నా కాదుగా," అన్నాడు ఆయన ఒకసారి.

ఆవిడ దువ్వెన పక్కన పెట్టి, "పొద్దున్నే రంగులు పూయకండి, టిఫిను చల్లారిపోతుంది," అంది.

ఆవిడ పని కాలర్లు తిప్పడం. చొక్కా మొత్తం బాగానే ఉంటుంది, మెడకు రాసుకునేచోట కాలరు చిరుగుతుంది. ఆవిడ కాలరు కుట్లు విప్పి, తిరగేసి, మళ్లీ కుడుతుంది. లోపలి వైపు పైకి వస్తుంది. చొక్కాకు ఇంకో రెండేళ్ల ఆయుష్షు. ఆ వీధిలో సగం మంది మగవాళ్లు తిరగేసిన కాలర్లతోనే ఆఫీసులకు వెళ్తారు. "బట్టకి రెండు మొహాలుంటాయి, జనం ఒకటే వాడుకుని పారేస్తారు," అంటుంది. కాలరు తిప్పినా లాభం లేని చొక్కా సంచీ అవుతుంది, సంచీ చిరిగితే వేడిగిన్నె దించే గుడ్డ అవుతుంది, ఆ గుడ్డ మాడితే బ్రష్షులు తుడుచుకోవడానికి మాస్టారికి చేరుతుంది. అక్కడితో కూడా దాని ప్రయాణం ఆగుతుందని ఎవరూ పూచీ ఇవ్వలేరు.

పెళ్లయ్యాక పదకొండేళ్లలో ఇది నాలుగో ఇల్లు. మొదటి ఇంట్లో మిషను వంటగదిలో ఉండేది. రెండో ఇంట్లో మెట్ల కింద, మూడో ఇంట్లో కిటికీయే లేని గదిలో. ఈ ఇంట్లో ముందుగదిలో, కిటికీకీ గోడకీ మధ్య, కొలిచి కట్టినట్టు సరిగ్గా ఇమిడింది. వెలుతురు ఎడమ భుజం మీదుగా వచ్చి గుడ్డ మీద పడుతుంది. నల్లగుడ్డ మీద నల్లదారంతో కుట్టడమంటే ఏమిటో కుట్టేవాళ్లకే తెలుసు. ఈ ఇంటికి వచ్చిన మూడేళ్లలో ఆవిడకు సాయంత్రంపూట తలనొప్పి రావడం తగ్గింది. ఇంకే సుఖమూ అడగలేదు గానీ ఆ కిటికీ పక్క చోటు పోగొట్టుకోవడం మాత్రం ఆవిడకు ఇష్టం లేదు.

ఇంటి యజమాని స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన ఆవిడ. రెండు వీధుల అవతల ఒంటరిగా ఉంటుంది. ఏడాదికొకసారి, ఒప్పందం తిరగరాయడానికి ముందు వచ్చి, కుళాయిలు తిప్పి, తలుపులు లాగి, గోడలు తట్టి చూస్తుంది. నచ్చితే సంతకం. ఈసారి మంగళవారం నాడే కబురు పంపింది. "ఆదివారం వస్తున్నాను. ముందుగదిలో చెమ్మ మరక కనపడకూడదు. తెల్లరంగు వేయించండి. కుదరకపోతే చెప్పండి, మా తమ్ముడి కొడుకు ఇల్లు కావాలంటున్నాడు."

మరక పోయిన వానల్లో వచ్చింది. పైన పగులు పూడ్చారు గానీ మరక అలాగే ఉండిపోయింది, ఏ దేశానిదో తెలియని పటంలా.

"ఒక డబ్బా తెల్లరంగు తెండి," అంది భార్య.

"రంగు కొనడమా?" అన్నాడు మాస్టారు. "చేపలు పట్టేవాణ్ణి చేపలు కొనుక్కురమ్మన్నట్టుంది."

"మన దగ్గర తెలుపు లేదుగా."

అది నిజం. బోర్డుకు ముందు పూసేది తెలుపే కాబట్టి అది ఎప్పుడూ అడుగంటిపోతుంది. మిగిలేవి మిగతా రంగులు, డబ్బాకు రెండు వేళ్ల లోతున. అవన్నీ మంచం కింద ఉంటాయి. వాటిని ఆ ఇంట్లో పసుపు, నీలం అని ఎవరూ అనరు. డ్రైవింగ్ స్కూలు పసుపు, పళ్లడాక్టరు నీలం, మందులషాపు ఆకుపచ్చ అంటారు. పదేళ్ల కూతురు బళ్లో బొమ్మకు రంగేస్తూ "టీచర్, పళ్లడాక్టరు నీలం అయిపోయింది" అని లేచి నిలబడితే, ఆ టీచరుకు విషయం అర్థమవడానికి చాలాసేపు పట్టింది.

"ముప్ఫై ఒక్క డబ్బా ఉన్నాయి," అన్నాడు మాస్టారు గురువారం సాయంత్రం, వాటిని వరసగా పేరుస్తూ. "ఎరుపు రెండూ నలుపు రెండూ తీసెయ్. మిగతా ఇరవై ఏడూ దాదాపు లేతవే. అన్నీ కలిపితే తెలుపు కాకపోయినా మీగడ రంగు వస్తుంది. మీగడ తెల్లగా లేదని ఎవరంటారు?"

"పిల్లి కూడా అనదు," అంది ఆవిడ. "కానీ వచ్చేది పిల్లి కాదు, ఇన్‌స్పెక్టరు."

అయినా పాత పల్చటి గుడ్డ ఒకటి తెచ్చి బకెట్టు మూతికి కట్టింది. రంగు పైన కట్టిన పొరలు గుడ్డలో ఆగిపోయాయి. ఒక్కో డబ్బా వంచుతుంటే కూతురు పేర్లు పిలిచింది, హాజరు వేస్తున్నట్టు. ఐస్‌క్రీం గులాబి. డ్రైవింగ్ స్కూలు పసుపు. గేట్లకు వేసే వెండిరంగు. మాస్టారు పొడుగాటి చెక్క స్కేలుతో కలిపాడు. బల్బు వెలుగులో బకెట్టులోకి తొంగిచూసి, "చూశావా, మీగడ," అన్నాడు.

నిజంగానే మీగడలా ఉంది. మిషను గది మధ్యకు లాగి, రెండు గంటల్లో గోడ పూర్తిచేశాడు. బోర్డులకు వేసే ఆయిల్ పెయింటు కాబట్టి మరక మీద చక్కగా కూర్చుంది. చెయ్యి ఒకచోట ఆగకుండా, కారకుండా, గీత పడకుండా వేశాడు. పనిమంతుడి చెయ్యి.

తన దగ్గరికొచ్చే షాపువాళ్లకు ఆయన ఇరవై ఏళ్లుగా ఒకే మాట చెబుతున్నాడు. రంగును బల్బు కింద చూసి ఒప్పుకోకండి, పొద్దున పదింటికి వీధిలో నిలబడి చూడండి అని. సొంత గోడ దగ్గరికి వచ్చేసరికి ఆ మాట గుర్తు రాలేదు.

శుక్రవారం పొద్దున ముగ్గురూ గోడ ముందు నిలబడ్డారు.

"మీగడేదండీ?" అంది ఆవిడ.

"నిన్న ఉంది."

"పిల్లి తాగేసినట్టుంది."

"ఆకుపచ్చగా ఉంది నాన్నా," అంది కూతురు.

"ఆకుపచ్చ కాదమ్మడూ, బూడిద. కొంచెం వెండి పడింది కదా."

"ఇటొచ్చి చూస్తే నీలంగా ఉంది."

"ఇది రంగు కాదు," అంది ఆవిడ, "మీ ఇద్దరి మధ్య అభిప్రాయభేదం."

మాస్టారు తల గోక్కున్నాడు. తడి ఆరకుండా దానిమీద ఇంకో రంగు వేయడానికి లేదు. "ఇవాళ ఆరనీ. రేపు తెలుపు తెచ్చి కప్పేస్తాను," అన్నాడు. 'తెచ్చి' అన్నాడే గానీ 'కొని' అనలేదు.

ఆయన పనికి, కూతురు బడికి వెళ్లాక ఆవిడ మిషనును గోడకు తగలకుండా మళ్లీ దాని చోటికి జరిపి కూర్చుంది. సినిమాహాలు గార్డుది నల్లకోటు, అంచు ఊడింది. మామూలుగా అయితే నాలుగు కుట్లకొకసారి గుడ్డను కిటికీవైపు ఎత్తి చూసుకోవాలి. ఎడమనుంచి వచ్చే వెలుతురుకు ఎడమచెయ్యి నీడ సరిగ్గా సూది పక్కనే పడుతుంది. ఆ నీడతో ఆవిడకు మూడేళ్ల పరిచయం. ఆరోజు కోటు అంచు మొత్తం కుట్టి దారం తెంపాక గానీ, తను ఒక్కసారి కూడా గుడ్డ ఎత్తలేదని గమనించలేదు.

చెయ్యి సూది మీద పెట్టి చూసింది. నీడ లేదు. కిటికీలోంచి వచ్చిన వెలుతురు నిగనిగలాడే గోడకు తగిలి, కుడివైపు నుంచి మళ్లీ గుడ్డ మీదికి వస్తోంది. మెత్తగా, కళ్లకు గుచ్చుకోకుండా. పాత సున్నం గోడ వెలుతురును మింగేది, ఇది తిరిగి ఇస్తోంది. ఆవిడ ఇంకో కోటు తీసుకుంది. దాని తర్వాత రేపటికని పెట్టుకున్న నల్లపంట్లాం కూడా తీసుకుంది. నాలుగింటికి కూతురు వచ్చి ఆకలంటేనే లేచింది.

ఈ సంగతి ఆ పూట ఎవరికీ చెప్పలేదు.

శనివారం మధ్యాహ్నం మాస్టారు సైకిలు వెనక తెల్లరంగు డబ్బా కట్టుకుని వచ్చాడు. రెండు తాళ్లతో, కింద గోనెసంచి మడతపెట్టి, ఆసుపత్రి నుంచి చుట్టాన్ని తెచ్చినంత జాగ్రత్తగా తెచ్చాడు. కూతురు డబ్బా చుట్టూ తిరిగింది.

"నాన్నా, దీని మూత ఇంతవరకూ ఎవరూ తియ్యలేదు."

"అవును."

"మరి దీని పేరేంటి?"

మాస్టారు డబ్బా తిప్పి చూశాడు. ఏ షాపుకూ చెందని రంగు ఆ ఇంటికి రావడం అదే మొదలు. "తెలుపు," అన్నాడు చివరికి.

స్క్రూడ్రైవరు మూత అంచు కిందికి దూరుస్తుండగా ఆవిడ అంది, "ఆగండి."

"ఇప్పుడు మొదలెడితే గానీ రేపటికి ఆరదు."

"వెయ్యొద్దు."

ఆయన తలెత్తి చూశాడు. ఆవిడ నల్లగుడ్డ ముక్క ఒకటి మిషను మీద పరిచి, "ఇక్కడ కూర్చోండి. చెయ్యి సూది మీద పెట్టండి," అంది. ఆయన కూర్చున్నాడు. చెయ్యి పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. రంగుల మనిషి కాబట్టి రెండో మాట చెప్పాల్సిన అవసరం రాలేదు.

"నీడ పడట్లేదు," అన్నాడు.

"నిన్న మూడు కుట్టాను. తల నొప్పెట్టలేదు."

"తెలుపు వేస్తే..."

"మీరు తెచ్చిన తెలుపుకి మెరుపుందా?"

"లేదు. గోడలకేసేది."

"అయితే మళ్లీ మింగేస్తుంది."

మాస్టారు లేచాడు. "కానీ ఆవిడ తెలుపు అంది. ఇది చూస్తే ఇల్లే పోతుంది. ఇల్లు పోతే ఈ గోడా ఉండదు, నీకు కిటికీ కూడా ఉండదు."

"తెలుసు."

"ఏం చెప్తావు ఆవిడకి?"

"ఉన్నది చెప్తాను."

"మనకున్నవాటిల్లో అన్నిటికంటే పాత సామాను ఆ నిజమే," అన్నాడు మాస్టారు. స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు గానీ, డబ్బా మాత్రం అందుబాటులో గోడ వారనే ఉంచాడు.

చెప్పడమైతే ధైర్యంగానే చెప్పింది. ఆ సాయంత్రం ఒక చొక్కా కాలరు విప్పి, తిరగేసి, మళ్లీ తిరగేసి, చిరిగిన వైపే పైకి పెట్టి కుట్టేసింది. పదకొండేళ్లలో అలాంటిది జరగలేదు. కూతురు చూసి, "అమ్మా, చొక్కా నీమీద తిరగబడింది," అంది. ఆవిడ కుట్లన్నీ విప్పడం మొదలుపెట్టింది.

ఆదివారం పదింటికి ఇన్‌స్పెక్టరుగారు వచ్చింది. సన్నటి మనిషి, చేతిలో గుడ్డసంచి, ముక్కు చివర కళ్లద్దాలు. కనిపించిన అక్షరమల్లా చదవడం ఆవిడకు ఉద్యోగంలో పట్టిన అలవాటు. ముందుగదిలోకి వచ్చి బెంచీ దగ్గర ఆగింది.

"కూర్చోండి మేడమ్," అంది ఇంటావిడ.

"కూర్చోరాదని రాసి ఉందిగా."

"అది బెంచీ కాకముందు రాసిందండీ."

ఇన్‌స్పెక్టరుగారు ఒక క్షణం ఆలోచించి, ఆ సమాధానానికి మార్కులు ఇచ్చినట్టే తలూపి కూర్చుంది. తర్వాత లేచి కుళాయిలు తిప్పింది, గడియలు వేసి తీసింది. భోజనాలబల్ల మీది మాట చదివి, "పిల్లకి అన్నం సరిగ్గా పెడుతున్నారా?" అని అడిగింది. చివరికి గోడ ముందుకు వచ్చి నిలబడింది. కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంది.

"నేను తెలుపన్నాను."

"అన్నారండీ."

"ఇది తెలుపా?"

"తెలుపులోనే ఒక రకమైన..." అని మొదలుపెట్టాడు మాస్టారు.

"కాదండీ," అంది భార్య.

మాస్టారు మిగతా మాట మింగేశాడు. ఆవిడ అంతా చెప్పింది. ఇరవై ఏడు డబ్బాలు, బల్బు, మీగడ, పొద్దున చూసిన రంగు. ఆయన తెలుపు కొనుక్కొచ్చాడని, వేయొద్దన్నది తనేనని కూడా చెప్పింది. చెబుతున్నంతసేపూ చేతులు కొంగులో దాచుకోకుండా, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మిషను మీద పెట్టుకుంది.

"మీరెందుకు వద్దన్నారు?"

"చెప్తే నమ్మరు. ఒక్కసారి ఇక్కడ కూర్చోండి."

ఇన్‌స్పెక్టరుగారు మిషను ముందు కూర్చుంది. ఇంటావిడ నల్లదారం, సూది చేతికిచ్చింది. "ఎక్కించండి మేడమ్."

"అమ్మాయ్, నాకు అరవై ఎనిమిది. గుండీ ఊడితే దారం ఎక్కించడానికి పక్కింటివాళ్లను పిలుస్తాను."

"చూడండి ఒకసారి."

ఇన్‌స్పెక్టరుగారు దారం కొన నోటితో తడిచేసి, కళ్లు చిట్లించి, సూది దగ్గరికి తెచ్చింది. దారం లోపలికి వెళ్లిపోయింది. ఇన్‌స్పెక్టరుగారు దారం బయటికి లాగేసి మళ్లీ ఎక్కించడం మొదలుపెట్టింది.

"మళ్లీ ఎందుకండీ?" అంది కూతురు.

"మొదటిసారి అయితే అదృష్టం. రెండోసారి కూడా అయితేనే మార్కులు."

రెండోసారీ వెళ్లింది. ఆవిడ సూదిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. లేచేటప్పటికి మళ్లీ ఇన్‌స్పెక్టరు అయిపోయింది.

"మాస్టారూ, మా ఇంట్లో నేను చదువుకునే గదికి ఇదే రంగు వెయ్యాలి. ఇదే. వేశాక ఒప్పందం సంగతి చూద్దాం. మా తమ్ముడి కొడుకుని వారం ఆగమంటాను."

ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా మాస్టారు నవ్వు ఆపుకున్నాడు. తర్వాత భార్య మొహం చూసి ఆగిపోయాడు.

"ఇదే రంగంది," అంది ఆవిడ. "ఇది మళ్లీ ఎలా వస్తుంది?"

"ఇరవై ఏళ్లుగా రంగులు కలుపుతున్నాను. కలిపింది మళ్లీ కలపలేనా?"

కలపలేకపోయాడు. మూత తీయని తెలుపుకు ఇప్పుడు మూత తీశాడు. తెలిసిన షాపుల్లో తలా కాస్త రంగు అడిగి తెచ్చాడు. ఒక రేకు మీద పట్టీలు పట్టీలుగా వేసి, ఆరాక పొద్దున పదింటికి గోడ పక్కన పెట్టి చూశాడు. మొదటిది బడి గోడలా ఉంది, రెండోది బస్సులా ఉంది. మూడోది చూసి భార్య, "ఇది దాని చెల్లెలు. పోలికలున్నాయి, గుణం లేదు," అంది. పాత డబ్బాల్లో ఐదేళ్ల రంగు ఉంది, కడిగీ కడగని బ్రష్షులు ముంచినవి ఉన్నాయి. ఏ డబ్బాలో ఏం కలిసిందో కలిపిన మనిషికే తెలియదు.

గురువారానికి ఆరో పట్టీ అయింది. కొంచెం దగ్గరగా వచ్చింది.

"ఇది వేసేద్దాం," అన్నాడు మాస్టారు, గొంతు తగ్గించి. "తేడా ఆవిడకేం తెలుస్తుంది?"

"ఆవిడకి తెలియకపోవచ్చు. సూదికి తెలుస్తుంది."

"మరి ఇల్లు?"

ఆవిడ ఆ రేకును కిటికీ దగ్గర పెట్టి చాలాసేపు చూసింది. అబద్ధం చెప్పడానికి అది చాలినంత దగ్గరగానే ఉంది. "రేపు ఇద్దరం వెళ్దాం. రాదని చెప్పేద్దాం," అంది.

ఇన్‌స్పెక్టరుగారి ఇంట్లో అన్నీ గోడకు సమానదూరంలో ఉన్నాయి. కుర్చీలు, పుస్తకాలు, చెప్పుల జతలు కూడా. ఒప్పందం కాగితం బల్ల మీద, పైన పేపరువెయిటు.

"రాదండీ," అంది మాస్టారి భార్య, కూర్చోమనకముందే. "ఆరుసార్లు కలిపారు. రావట్లేదు. వచ్చిందని వేరేది వేయడం నాకిష్టం లేదు."

"ఆ ఇరవై ఏడు డబ్బాల్లో ఏమీ మిగల్లేదా?"

"లేదండీ. కడిగేసి మొక్కలు పెట్టాను."

"మొక్కలు," అంది ఇన్‌స్పెక్టరుగారు. బల్ల మీది కాగితం వైపు చూసింది. మాస్టారు నేల చూశాడు. భార్యకు మాత్రం ఆ కాగితం మీంచి చూపు తిప్పుకోవడం చేతకాలేదు.

ఇన్‌స్పెక్టరుగారు లేచి, గొలుసుకున్న తాళంచెవుల్లోంచి ఒకటి వెతికి తీసి, "రండి. నవ్వకూడదు," అంది.

మెట్ల కింద చిన్న అలమర. తలుపు తీసింది. లోపల మూడు అరల నిండా రంగుడబ్బాలు. ఒక్కోదానికి తాడు, తాడుకు చీటీ, చీటీ మీద గుండ్రటి చేతిరాత. 'గేటు, మిగిలినది.' 'కిటికీలు, రెండవసారి.' 'స్కూటరు.' 'ట్రంకుపెట్టె.' అవతలవాళ్ల ఇళ్లలో దుమ్మును వేలితో తుడిచి చూపించే మనిషి ఇన్నాళ్లూ దాచుకున్నది ఇదీ.

"పారేద్దామని ప్రతి ఏడాదీ అనుకుంటాను," అంది ఆవిడ. "స్కూటరు మా ఆయనది. స్కూటరు ఇచ్చేశాం. రంగు కాస్త మిగిలింది."

ఎవరూ నవ్వలేదు. మాస్టారి భార్య ఒక చీటీ తిప్పి చూసి, "పందొమ్మిదున్నాయి," అంది మెల్లగా.

"ఇవి కలిపితే ఏమవుతుంది మాస్టారూ?"

"ఏం వస్తుందో నేను చెప్పలేనండీ."

"చెప్పలేనివి కలపడంలో మీకు అనుభవం ఉందిగా."

ఈసారి మాస్టారు పగటిపూట, పెరట్లో, ఎండలో కలిపాడు. చీటీలు తీసేముందు భార్య ఒక్కొక్కటీ చదివింది. స్కూటరు డబ్బా దగ్గర ఆగి ఇన్‌స్పెక్టరుగారివైపు చూసింది. "వెయ్యమ్మాయ్. మూత కింద ఎన్నాళ్లుంటుంది," అంది ఆవిడ. వచ్చిన రంగు తడి ఇసుకలో కాస్త గులాబి కలిసినట్టుంది. గేటుకు వేసిన వెండిరంగు వల్ల మెరుపు వచ్చింది.

ఆదివారం గోడ ఆరాక ముగ్గురూ ఆ గదిలో చేరారు. మాస్టారి భార్య నల్లదారం, సూది వెంట తెచ్చింది. పరీక్షకు వెళ్తున్న పిల్లలా తెచ్చింది, నిజానికి పరీక్ష తనది కాకపోయినా. ఇన్‌స్పెక్టరుగారు కుర్చీలో కూర్చుని దారం ఎక్కించబోయింది. తప్పింది. రెండోసారీ తప్పింది.

"మీ గోడ తెలివైంది," అంది ఇన్‌స్పెక్టరుగారు. "మాది వెనకబెంచీది."

"మీ కిటికీ చిన్నదండీ. కుర్చీ అటు మూలకి వేసి చూడండి."

"ఈ కుర్చీ ఇరవై రెండేళ్లుగా ఇక్కడే ఉంది."

"అందుకే అడుగుతున్నాను."

మాస్టారు కుర్చీ ఎత్తి కిటికీకి అవతలివైపు వేశాడు. ఇన్‌స్పెక్టరుగారు అయిష్టంగానే వెళ్లి కూర్చుంది. దారం ఒక్క ప్రయత్నంలో వెళ్లింది. బయటికి లాగి మళ్లీ ఎక్కించింది. అదీ వెళ్లింది. మూడోసారి కూడా ఎక్కించింది. అది మార్కులకోసం కాదు, సరదాకి.

అప్పుడు కాగితం తెచ్చింది. "మా తమ్ముడి కొడుక్కి చెప్పేశాను. మొన్న దారిలో మీ కిటికీలోంచి గోడ చూశాడట. 'ఇదేం రంగు అత్తా' అన్నాడు. దానికి సమాధానం లేని ఇంట్లో వాడు ఉండలేడు."

కలం తీసి 'గోడలు తెల్లగా ఉంచవలెను' అన్న వాక్యం కొట్టేసింది. దానికింద కొత్తగా ఒక వాక్యం రాసి కాగితం తిప్పింది. మాస్టారి భార్య పైకి చదివింది. "అద్దెకున్నవారి వద్ద మిగిలిన రంగులలో సగం, ఏటా ఇంటి యజమానికి అందజేయవలెను."

"సగమా?" అన్నాడు మాస్టారు.

"నా గదికి ఇంకా మూడు గోడలున్నాయి."

మాస్టారు జేబులోంచి కలం తీస్తుంటే భార్య ఆయన చెయ్యి ఆపింది. ఇన్నాళ్ల భయం ఆవిడ మొహంలోంచి పోయింది. దాని చోట బేరం వచ్చి కూర్చుంది.

"సగం ఇస్తామండీ. కానీ రంగులు మిగలాలంటే కాలం పడుతుంది. ఏడాదిలో ఏం మిగులుతాయి? రెండేళ్లకి రాయండి."

"రెండేళ్లా? ఈ ఒప్పందం ఎప్పుడూ ఏడాదికే."

"ఈ కుర్చీ కూడా ఎప్పుడూ అటే ఉండేదండీ."

ఇన్‌స్పెక్టరుగారు కళ్లద్దాల పైనుంచి ఆవిడను చూసింది. ఎంతోమంది పిల్లల్ని చూసిన చూపు అది. 'ఒక' అన్నచోట అడ్డగీత కొట్టి, పైన ఇరుకులో 'రెండు' అని రాసింది. చోటు చాలక చివరి అక్షరం వంగి పక్కమాట మీద పడింది.

మాస్టారు దానివైపు చూశాడు. ఇరవై ఏళ్లుగా అక్షరాలు నిలబెట్టిన మనిషికి వంగిన అక్షరం చూస్తే ప్రాణం ఊరుకోదు. "మేడమ్, మీరు అనుమతిస్తే అది కొంచెం సరిచేసి..." అని ముందుకు వంగాడు.

బల్ల కింద భార్య ఆయన కాలు తొక్కింది. గట్టిగానే తొక్కింది. ఆయన మాట ఆపి, వంగిన అక్షరం పక్కనే బుద్ధిగా సంతకం చేశాడు.